ముందున్నాయన ఎగిరితే గోల్ పోయినట్టే

తమ్ముడూ,

చిన్నప్పుడు నాన్నతో చూసిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాషకి ఢోకా లేదు. చదివినంతసేపూ నాకు ఒకటే సందేహం, నువ్వు ఆ మ్యాచ్ ఎక్కడ నిలబడి చూశావు? గోల్ పోస్టు వెనకా, పక్క గీత దగ్గరా, గ్యాలరీ పై మెట్టు మీదా? ఎక్కడా చెప్పలేదు. పైగా ఆ గోల్ పేరా చూడు. వింగర్ డిఫెండర్ కాళ్ల సందులోంచి బంతి తీశాడట, గోలీ కళ్లల్లో భయం కనిపించిందట. పదేళ్ల పిల్లాడివి, నీ ముందు పెద్దవాళ్లు వరసలు కట్టి నిలబడి ఉంటే నీకు కనిపించేవి వాళ్ల వీపులు. గోలీ కళ్లు ఎక్కడ కనిపించాయయ్యా? ఆ గోల్ టీవీ కెమెరా చూసింది, నువ్వు కాదు.

ఇది నీ ఒక్కడి జబ్బు కాదులే. తర్వాత ఎప్పుడో చూసిన హైలైట్స్, పేపర్లో పడ్డ ఫొటో, వచ్చిన చుట్టాలందరికీ నాన్న చెప్పిన కథ, అన్నీ వచ్చి మన జ్ఞాపకంలో సర్దుకుని కూర్చుంటాయి. కొన్నాళ్లకి కళ్లారా చూశామని ఒట్టేసి మరీ చెప్తాం. మామూలు మనిషికి ఫరవాలేదు, రాసేవాడు మాత్రం ఏది తను చూసింది, ఏది అరువు తెచ్చుకున్నది అని విడదీసుకోవాలి. కాబట్టి ఆ పేరా కొట్టేయ్. నీకు ఏం కనిపించిందో రాయి, ఏం కనిపించలేదో కూడా రాయి.

ఎందుకంటే అప్పట్లో మైదానానికి వెళ్లడమంటే సగం ఆట చూడకపోవడమే. రీప్లే లేదు, పెద్ద తెర లేదు. ముందున్నాయన ఎగిరితే ఆ గోల్ ఇక జన్మలో చూడలేవు. "ఎవడేశాడు?" అని పక్కవాణ్ణి అడిగితే వాడొక పేరు చెప్తాడు, వెనకాయన కాదు కాదంటూ ఇంకో పేరు చెప్తాడు, మర్నాడు పేపర్ వచ్చేదాకా ఆ పంచాయతీ తెగదు. చొక్కాల మీద పేర్లుండేవి కావు, ఉన్న నంబర్లు కూడా బురద పడ్డాక 3 ఏదో 8 ఏదో తెలిసేది కాదు. అందుకని ఆటగాళ్లని నడకను బట్టి గుర్తుపట్టేవాళ్లం. ఒకడు పరిగెత్తేముందు మేజోళ్లు పైకి లాక్కుంటాడు, ఇంకొకడు పాస్ అందకపోతే నడుం మీద చేతులు పెట్టి అలా నిలబడిపోతాడు. ఇలాంటివి నీకూ గుర్తుండే ఉంటాయి, వ్యాసంలో ఒక్కటీ లేదు.

కలకత్తాలో 1911 జూలై 29న ఐఎఫ్‌ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ టోర్నీ ఫైనల్ జరిగింది. మన మోహన్ బగాన్ క్లబ్బు వాళ్లు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టుని 2-1తో ఓడించిన మ్యాచ్, మనవాళ్లలో ఒక్కడు తప్ప అందరూ ఉత్త కాళ్లతోనే ఆడారు. జనం విరగబడి వచ్చారు. వచ్చినవాళ్లలో చాలామందికి బంతి సంగతి దేవుడెరుగు, మైదానమే కనిపించలేదు, అందుకని స్కోరు రాసిన గాలిపటాలు ఎగరేసి వాళ్లకి కబురు చెప్పారు. గాలిపటం చూసి కేకలేసిన మనిషి కూడా ఇంటికెళ్లి "నేను మ్యాచ్ చూసొచ్చాను" అనే చెప్పి ఉంటాడు, అందులో అబద్ధం ఏముంది? నన్నడిగితే గోల్స్ వేసినవాళ్ల మీద కన్నా మెడ పైకెత్తి నిలబడ్డ ఆ మనిషి మీద రాయడానికి ఎక్కువ ఉంది.

పోనీ బాగా కనిపించినవాళ్ల మాట చూద్దాం. 1966 వరల్డ్ కప్ ఫైనల్లో, లండన్‌లోని వెంబ్లీలో, ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ జర్మన్ల మీద కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి కిందపడి బయటికొచ్చింది. గీత దాటిందా లేదా అన్నది రిఫరీకే తెలియక లైన్స్‌మన్ దగ్గరికి పోయి అడిగాడు, ఆయన అవునన్నాడు, గోల్ ఇచ్చేశారు. ఇంగ్లండ్ వాళ్లకీ జర్మన్లకీ ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అన్ని వేల కళ్ల ముందు జరిగినదానికే ఈ గతి పడితే, నువ్వేమో నీ చిన్ననాటి గోల్‌ని అంగుళాలతో సహా రాసేశావు.

కళ్ల కన్నా చెవులు నయం. 1950 జూలై 16న వరల్డ్ కప్ ఆఖరి మ్యాచ్, బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో, ఉరుగ్వేతో. బ్రెజిల్‌కి డ్రా చేసుకున్నా చాలు, కప్పు వాళ్లదే. టికెట్ కొన్నవాళ్లే 1,73,850 మంది, లోపలికి వచ్చింది రెండు లక్షల దాకా ఉంటారని అంటారు. 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిజ్జా తమ జట్టుకి రెండో గోల్ వేశాడు, కప్పు బ్రెజిల్ చేజారిపోయింది. ఆ రోజు గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా తలుచుకునేది ఆ తర్వాత అంత పెద్ద స్టేడియం మూగబోయిన సంగతినే. నీ మ్యాచ్‌లో ఏం వినిపించింది? జనం అరిచారని రాశావు, సరే, ఏమని అరిచారు? రిఫరీని ఏమని తిట్టారు? ఆ తిట్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టు, మొహమాటపడకు.

ఇంకొకటి, పాత ఆట అంతా జోరే అన్నట్టు రాశావు. ఎక్కడి జోరు! 1992లో రూలు మారేదాకా మనవాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోలీ చేత్తో పట్టుకోవచ్చు. ఒక గోల్ ఆధిక్యం వచ్చిందంటే చాలు, గోలీ డిఫెండర్‌కి ఇవ్వడం, వాడు మళ్లీ గోలీకి ఇవ్వడం, జనం ఈలలేసి గోలపెట్టడం, ఇదే తంతు. వానలో తోలు బంతి నీళ్లు తాగి బరువెక్కితే, పాపం దానికి తల పెట్టినవాడికి కాసేపు దిమ్మెక్కేది. ఆ విసుగూ ఆ దెబ్బా లేకుండా రాస్తే నీ వ్యాసం పెళ్లి ఆల్బమ్‌లా ఉంటుంది, అందరూ నవ్వుతూనే ఉంటారు.

అలాగే కిక్కిరిసి నిలబడడంలో ఉన్న మజా గురించి రాశావు. మజా నిజమే, నాకూ తెలుసు. ఆ తోపులాటలో ప్రాణాలు పోయిన మాటా నిజమే. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌కి వెళ్లిన 16 మంది ఇంటికి తిరిగి రాలేదు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో జరిగిన తొక్కిడి చివరికి 97 మందిని పొట్టన పెట్టుకుంది, ఆ తర్వాతే ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బుల స్టేడియాలన్నీ కుర్చీలకి మారాయి. ఇవన్నీ నీ వ్యాసంలోకి ఎక్కించమని కాదు. "ఇప్పుడు కుర్చీలొచ్చి ఆ మజా పోయింది" అని తేలిగ్గా రాసే ముందు ఒకసారి ఆగమంటున్నా. ఆ రద్దీలో నీకూ ఊపిరాడని క్షణం ఒకటి ఉండే ఉంటుంది, నాన్న చెయ్యి జారిన క్షణం. ఉంటే రాయి. లేకపోతే కల్పించకు.

ఇక అసలు విషయం. ఎక్కడో చివర్లో, ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు: మనవాళ్లు ఒక గోల్ ముందున్నారు, ఆఖరి నిమిషాల్లో టెన్షన్ తట్టుకోలేక నాన్న మైదానానికి వీపు తిప్పి నిలబడి, ఏం జరుగుతోందో నిన్ను చెప్పమన్నారు అని. ఇంత మంచి విషయం చేతిలో పెట్టుకుని ఆ వింగర్ వెనక పరిగెత్తావేంటయ్యా! టికెట్ కొనుక్కుని అంత దూరం వచ్చిన మనిషి ఆట చూడలేకపోయాడు, సరిగ్గా ఏమీ కనిపించని పిల్లాడు ఆయనకి కామెంటరీ చెప్పాడు. వ్యాసం అక్కడే మొదలవ్వాలి. మిగతాది అందులో ఎంత ఇమిడితే అంతే, ఇమడనిది తీసెయ్.

నాన్నగారు ఉన్నారు కాబట్టి ముందు ఆయన్ని అడుగు, ఏ వైపు నిలబడ్డారో, నువ్వు అప్పుడు ఏం చెప్పావో. ఆయన చెప్పేది నీకు గుర్తున్నదానితో కలవకపోతే రెండూ రాయి, సరిచెయ్యకు. పాత పేపర్లు లైబ్రరీలో దొరికితే తేదీ, స్కోరు చూసుకో, ఆ రెండింటికి మాత్రం జ్ఞాపకాన్ని నమ్మొద్దు. ఇంతకీ నాకొకటి తెలియాలి. బంతి మన గోల్ దగ్గర తిరుగుతున్నప్పుడు ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పావా, కంగారుపడతారని కొంచెం మార్చి చెప్పావా? ఈ నెలాఖరులోగా రాసి పంపు.

మీ అన్నయ్య