కారు ప్రశ్నలు: నాలుగో ల్యాప్‌కి మెత్తబడిన పెడల్

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో పోర్షే 718 కేమన్ కొన్నాను. ఆటోమేటిక్, 18 అంగుళాల చక్రాలు. మొన్న శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ డేకి, అంటే సొంత బండిని రేసు ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజుకి, తీసుకెళ్ళాను. మూడు ల్యాపులు బ్రహ్మాండంగా నడిచాయి. నాలుగో ల్యాప్‌లో బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది, రెండుసార్లు పంప్ చేస్తేగానీ బండి ఆగలేదు. సాయంత్రానికి పెడల్ మామూలైంది కదా అని అదే బండిలో ఇంటికొచ్చేశాను. ఇక్కడొక షాపువాళ్ళు ముందు చక్రాలకు ఆరు పిస్టన్ల బిగ్ బ్రేక్ కిట్, నాలుగింటికీ మిషెలిన్ కప్ 2 టైర్లు వేయించమంటున్నారు. రెండూ కలిపితే చిన్న కారొకటి వచ్చేంత కొటేషన్. వేయించమంటారా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: షాపు సంగతి తర్వాత. పెడల్ నేలకి దిగిన బండిని ఆయిల్ మార్చకుండా మూడొందల కిలోమీటర్లు హైవే మీద తోలుకొచ్చారు చూశారా, ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన వాక్యం అదే. పెడల్ తిరిగొచ్చింది కాబట్టి జబ్బు తగ్గిందనుకున్నారు. తగ్గలేదు, చల్లారింది అంతే. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడో, లారీ వెనక గట్టిగా తొక్కాల్సి వచ్చినప్పుడో మళ్ళీ అలాగే దిగిపోతే ఏంటి పరిస్థితి? ఈ వారంలోనే బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించండి, ఆ తర్వాతే బండి బయటికి తీయండి.

మీరు చెప్పిన లక్షణం ఒక్కటే చాలు, కారణం తెలిసిపోతోంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే తప్పు డిస్కుని నొక్కిపట్టే బ్రేక్ ప్యాడ్లది, వేడికి వాటి పట్టు పోయిందన్నమాట. పెడల్ మెత్తగా లోపలికి పోతే ఆయిల్ మరిగింది. ద్రవాన్ని నొక్కితే అది నలగదు, ఆ ఒత్తిడంతా నేరుగా ప్యాడ్‌ని తోసే పిస్టన్‌కి చేరుతుంది. మరిగితే లైన్లో ఆవిరి బుడగలు పుడతాయి, అవి నలుగుతాయి, మీ కాలి బలమంతా బుడగల్ని నలపడానికే సరిపోతుంది. అంత వేడి ఎక్కడిదంటారా? మీతో కలిపి 1450 కిలోల బండిని 180 కిలోమీటర్ల వేగం నుంచి 80కి ఒక్కసారి దించారనుకోండి, అప్పుడు బ్రేకుల్లో పుట్టే వేడితో సుమారు 5 లీటర్ల మంచినీళ్ళని మరిగే దాకా తేవచ్చు. అది ఒక్క మలుపుకి. ఆ ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అన్నిటికీ అంత గట్టిగా తొక్కక్కర్లేదు గానీ, డిస్కు చల్లారేలోపు మళ్ళీ బ్రేక్ మీద కాలు పడుతూనే ఉంటుంది.

బ్రేక్ ఆయిల్లో మామూలు రకమైన డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అది ప్రమాణం. కానీ ఆ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది, హోసుల్లోంచి కూడా పీల్చుకుంటుంది. సుమారు 3.7 శాతం నీరు కలిసిందంటే అదే డాట్ 4కి కనీస హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. పోర్షే రెండేళ్ళకోసారి మార్చమంటుంది. మీ బండి పాత యజమాని ఎప్పుడు మార్పించాడో సర్వీసు పుస్తకంలో చూశారా? చూడండి. నాకైతే అక్కడే అనుమానం. ఈసారి మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది పోయించండి, కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అయితే పోయించి రెండేళ్ళు మర్చిపోయే రకం కాదది. ట్రాక్‌కి వెళ్ళే ముందు బ్లీడ్ చేయించాలి, అంటే లైన్లోని గాలి బుడగలు తీయించాలి, ఏడాదికోసారి మొత్తం మార్చాలి. అంకె పెద్దదని ఎవరైనా డాట్ 5 పోయబోతే డబ్బా లాక్కోండి. అది సిలికాన్, మీ సిస్టమ్‌కి పనికిరాదు. డాట్ 5.1 వేరు, అది మామూలు డాట్ 4 జాతిదే.

తర్వాత ప్యాడ్లు. ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. డిస్కు వేడి నేరుగా పిస్టన్‌కి, దాని వెనకున్న ఆయిల్‌కి చేరకుండా మధ్యలో అడ్డుపడేది ప్యాడే. సగం అరిగితే ఆ అడ్డు కూడా సగమే. రోడ్డు మీద ఇంకో పదివేల కిలోమీటర్లు నడిచే ప్యాడ్, ట్రాక్‌కి పనికిరాకపోవచ్చు. చక్రం విప్పి ప్యాడ్‌లో ఎంత మందం మిగిలిందో మీ కళ్ళతో మీరే చూడండి, సగానికి తగ్గితే మార్చేయండి. మీకు ఫెరోడో డీఎస్2500 లాంటి మధ్యరకం చాలు. పూర్తి రేసింగ్ ప్యాడ్లు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, పైగా సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర మీరు ఆగితే ఆ కీచుమనే మోతకి పక్కవాళ్ళు అద్దాలు దించి చూస్తారు.

ఇంకొకటి, కొంచెం మొహమాటంగానే అడుగుతున్నా, మీరు మలుపుకి చాలా ముందునుంచే బ్రేక్ మీద మెల్లగా కాలు వేసి లాక్కుంటూ వస్తున్నారా? కొత్తవాళ్ళు భయంతో చేసే పనే అది, వేడిని అదే పెంచుతుంది. తక్కువసేపు గట్టిగా తొక్కి వదిలేయాలి. డాష్‌బోర్డులో స్టెబిలిటీ లైటు మాటిమాటికీ మెరుస్తుంటే, ఆ సిస్టమ్ కూడా బండిని అదుపు చేయడానికి బ్రేకుల్నే వాడుకుంటోందని గుర్తు. దాన్ని ఆపేయొద్దు, స్టీరింగూ యాక్సిలరేటరూ మెత్తగా వాడండి.

ఇక ఆరు పిస్టన్లు. మీ బండికి ముందు 330 మిల్లీమీటర్ల డిస్కులు, నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు (పిస్టన్లనీ ప్యాడ్లనీ పట్టి ఉంచే భాగాలు) కంపెనీవే ఉన్నాయి. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకా కొడుతోందా? కొడితే బ్రేకుల బలం సరిపోయిందనే లెక్క, అక్కడినుంచి బండిని ఆపాల్సింది టైరు. పెద్ద కిట్ వల్ల ఒక్కసారి ఆగే దూరం తగ్గదు. వేడిని ఎక్కువ ల్యాపులు ఓర్చుకుంటుంది, అంతే దాని ఉపయోగం. ఆ అవసరం మీకింకా రాలేదు. పైగా ముందువి మాత్రమే మార్చి వెనకవి వదిలేస్తే, కంపెనీ లెక్కగట్టి పెట్టిన ముందు వెనకల తూకం చెడుతుంది, ఏబీఎస్ కూడా ఆ పాత లెక్క మీదే పనిచేస్తుంటుంది. పెద్ద క్యాలిపర్ మీ 18 అంగుళాల చక్రంలో పట్టకపోతే చక్రాలు కూడా మార్చమంటారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. కొత్త ఆయిల్, మంచి ప్యాడ్లు వేశాక కూడా ఇరవై నిమిషాల సెషన్లో బ్రేకులు చేతులెత్తేస్తున్నాయంటే అప్పుడు రాయండి, కిట్ గురించి మాట్లాడుకుందాం.

టైర్ల దగ్గర షాపువాళ్ళు చెప్పింది పూర్తిగా తప్పని అనను. పొడి ట్రాక్ మీద కప్ 2 పట్టే పట్టు వేరే లోకం. కానీ మీరు ట్రాక్‌కి బండిని ట్రక్కు మీద తీసుకెళ్ళడం లేదు, అవే టైర్ల మీద వెళ్ళి అవే టైర్ల మీద వస్తున్నారు. కప్ 2లో గాడులు తక్కువ, బయటి అంచు దాదాపు నున్నగా ఉంటుంది. అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాలప్పుడు హైవే మీద నీళ్ళు నిలిచిన చోట అది తేలిపోతుంది, బ్రేకులు ఎన్ని పిస్టన్లవైనా ఏం లాభం? డిసెంబరు పొద్దున బెంగళూరు చలిలో కాసేపు వేడెక్కే దాకా సరిగా పట్టదు కూడా. పైలట్ స్పోర్ట్ 4ఎస్ తీసుకోండి, లేదా ఆ తరగతిదే ఇంకో కంపెనీది. ట్రెడ్‌వేర్ అంకె దానికి 300, కప్ 2కి 180. అంకె పెద్దదైతే అరుగుదల తక్కువని అర్థం. కాకపోతే ఎవరి టైరుకి అంకె వాళ్ళే వేసుకుంటారు కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్యే పోల్చుకోండి.

కంపెనీ సైజే వేయండి, ముందు 235/45, వెనక 265/45. పోర్షే ఆమోదించిన టైరుకి పక్కన ఎన్0, ఎన్1 అని ముద్ర ఉంటుంది, రెండు రకాలు కలిపి వేయకండి. కొనేటప్పుడు టైరు పక్క నాలుగంకెల తేదీ చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఇలాంటి సైజులు రోజూ అమ్ముడుపోవు, గోడౌన్లో ఏళ్ళ తరబడి పడున్న సరుకు అంటగట్టే అవకాశం ఉంది. టైర్లు మార్చాక అలైన్‌మెంట్‌లో ముందు చక్రాల క్యాంబర్‌ని (చక్రం వాలు) సర్దుబాటు ఉన్నంత వరకూ నెగటివ్ వైపు, అంటే చక్రం పైభాగం లోపలికి వాలేలా, పెట్టించండి, లేకపోతే ముందు టైర్ల బయటి అంచు ట్రాక్‌లోనే అరిగిపోతుంది.

గాలి మాత్రం ట్రాక్ దగ్గరే కొలుచుకోండి. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, అక్కడ కొట్టించిన గాలి కిందికి దిగితే గేజ్‌లో ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా తక్కువ చూపిస్తుంది, ఇటు తమిళనాడు ఎండ దాన్ని మళ్ళీ పెంచుతుంది, లెక్క అంతా కలగాపులగం. సెషన్ అయ్యాక వేడి మీద కొలిస్తే 6 నుంచి 8 పీఎస్‌ఐ పెరగడం మామూలే. పెరిగింది తీసేస్తే గనక, ఇంటికి బయల్దేరే ముందు టైరు చల్లారాక మళ్ళీ కొట్టించండి. గాలి తక్కువున్న టైరు మీద హైవేలో వేగంగా వెళ్తే పేలుతుంది.

ప్రశ్న: నాది పోలో జీటీ. ట్రాక్ నుంచి వచ్చినప్పటి నుంచి బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. డిస్కులు వంకరపోయాయి, రంధ్రాల డిస్కులు వేద్దాం అంటున్నాడు మెకానిక్.
— వేళచ్చేరి, చెన్నై

జవాబు: చాలాసార్లు డిస్కు వంకరపోదు. సెషన్ అయి నేరుగా పార్కింగ్‌లోకి వచ్చి, ఎర్రగా కాలిన బ్రేకుల మీద కాలు అలాగే ఉంచితే, ప్యాడ్ పదార్థం డిస్కుకి ఒకచోట అంటుకుపోతుంది. ఆ మచ్చ తగిలినప్పుడల్లా వణుకు. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, 80 నుంచి 20కి ఎనిమిది పదిసార్లు గట్టిగా తగ్గించండి, పూర్తిగా ఆగొద్దు, తర్వాత బ్రేక్ ముట్టకుండా కాసేపు నడిపి చల్లార్చండి. చాలావరకు పోతుంది. పోకపోతే మామూలు డిస్కులే కొత్తవి వేయించండి, ప్యాడ్లతో సహా. రంధ్రాలవి ట్రాక్ వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్ళిస్తాయి. ఇకమీదట ఆఖరి ల్యాప్ బ్రేకులు వాడకుండా మెల్లగా తిప్పండి, ఆపాక గేర్లో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టండి.

ప్రశ్న: ట్రాక్‌లో బండి గోడకి తగిలితే ఇన్సూరెన్స్ వస్తుందా?
— అన్నానగర్, చెన్నై

జవాబు: రాదనే అనుకుని వెళ్ళండి. మన మోటారు పాలసీల్లో వాడకంపై పరిమితులు అన్నచోట పోటీలు, వేగ పరీక్షలు మినహాయింపు అని రాసే ఉంటుంది. ఇది పోటీ కాదు, ట్రాక్ డే అని మీరు వాదించొచ్చు, సర్వేయర్ వినాలిగా. నిర్వాహకులు సంతకం పెట్టించుకునే కాగితంలో కూడా నష్టం మీదేనని ఉంటుంది, చదివే పెట్టండి.