మా ఇంటి చదువులు: తులసిదళం నుంచి వేయిపడగల దాకా

"ఈ మధ్య మీ ఇంట్లో ఎవరెవరు ఏయే పుస్తకాలు చదివారు? దెయ్యాల కథలకు అలవాటు పడిన పిల్లలను ఉత్తమ నవలల వైపు మళ్ళించడం ఎలా?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతాను. రెండో ప్రశ్నతోనే నాకు పేచీ ఉంది. దెయ్యాల కథలు చదివే పిల్లలు ఏదో తప్పుదారిలో ఉన్నారనీ, పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కురావాలనీ అనుకోవడమే నాకు నచ్చదు.

మా ఇంట్లో పుస్తకం పట్టేవాళ్ళు ఐదుగురు: అత్తయ్య గారు, మావారు, నేను, తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి, ఐదో తరగతి చదువుతున్న అబ్బాయి. వేసవి సెలవుల్లో పాత చెక్క బీరువా సర్దుతుంటే అడుగు అరలో అత్తయ్య గారి బైండు పుస్తకం ఒకటి దొరికింది. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో ఆవిడ ఆ కాగితాలను వారం వారం జాగ్రత్తగా చింపి, దాచి, అన్నీ అయ్యాక విజయవాడ గవర్నరుపేటలో బైండు చేయించుకున్నారట. అంచులు కోసేటప్పుడు బైండరు కాస్త ఎక్కువే కోసేయడంతో కొన్ని పేజీల్లో పై వరుస అక్షరాలకు తలకట్లు లేవు. కాగితం వెనక్కి తిప్పితే ఎక్కడో మొదలైన వంటల శీర్షిక మధ్యలో తెగిపోయి ఉంటుంది, ఇంకోచోట ఎవరివో వారఫలాలు కనిపిస్తాయి. మా అమ్మాయికి ఆ వారఫలాలు కూడా నవలలో భాగమే అయిపోయాయి, "నానమ్మా, ఆ వారం నీ రాశికి ధనలాభం రాశాడు, వచ్చిందా?" అని అడిగింది.

అసలు కథ తర్వాత జరిగింది. చిన్నపిల్ల తులసి మీద జరిగే చేతబడి కథ మాంచి పట్టులో ఉన్నప్పుడు ఒక వారం కాగితాలు లేవు. రాత్రి పదిన్నర దాటాక అమ్మాయి ఆ బైండు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. మర్నాటి కూరకు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య గారు తల ఎత్తకుండానే, "పక్కింటావిడ పట్టుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు. నలభై ఏళ్ళయినా నేను ఆవిణ్ణి క్షమించలేదు. కూర్చో, చెబుతాను" అన్నారు. చెప్పారు. గొంతు తగ్గించవలసిన చోట తగ్గించి, ఒక చిక్కుడుకాయ సగం విరిచి అలాగే పట్టుకుని ఆగవలసిన చోట ఆగి, నిద్రపోదామని మంచినీళ్ళకు వచ్చిన మావారిని కూడా గుమ్మంలో నిలబెట్టేసి ఆ వారం భాగం మొత్తం చెప్పారు. తర్వాత ఏలూరు రోడ్డులో అచ్చు పుస్తకం కొనుక్కొచ్చి పోల్చి చూస్తే, అత్తయ్య గారు చెప్పినదాంట్లో సగం అందులో లేనే లేదు. గోడ మీద బల్లి, ఆగిపోయిన గడియారం, నూతి గిలక చప్పుడు, ఇవన్నీ ఇన్నేళ్ళలో ఆవిడ మనసులో ఆ కథకు పట్టిన కొమ్మలు. నానమ్మ చెప్పిందే బాగుందని అమ్మాయి తీర్పు. నాదీ అదే మాట.

మా ఇళ్ళలో అసలైన పాఠకులంటే వారపత్రికల సీరియళ్ళు చదివిన ఈ ఆడవాళ్ళేనని నా గట్టి నమ్మకం. "సీరియళ్ళు చదివి చెడిపోతున్నారు" అని ఆ రోజుల్లో వీళ్ళను ఎగతాళి చేసిన మగవాళ్ళలో ఒక్కరు కూడా ఒక కథను వారం రోజుల పాటు తలలో మోసి, తర్వాతి సంచిక రాగానే తెగిన చోట నుంచి అందుకోగలిగి ఉండరు. రంగనాయకమ్మ గారు తులసిదళాన్ని చీల్చి చెండాడుతూ రాసిన విమర్శను కూడా అత్తయ్య గారు శ్రద్ధగా చదివారు. "ఆవిడ చెప్పిందీ నిజమే, ఆయన రాసిందీ బాగుంది" అంటారు. ఇంతకంటే నిష్పక్షపాతమైన సమీక్ష నేను పత్రికల్లో చదవలేదు. మూఢనమ్మకాలను పెంచుతుందని ఆ పుస్తకం మీద వచ్చిన అభ్యంతరాలను అమ్మాయితో దాచకుండా చర్చించింది కూడా ఆవిడే. కానీ మా బంధువు ఒకాయన మాత్రం "ఈ వయసులో చేతబడి కథలా?" అని ముఖం చిట్లించారు, ఆయన మనవడు అన్నం తింటున్నంత సేపూ ఫోనులో చూసేది రక్తం కక్కే దెయ్యాలనే.

సీరియళ్ళతో పాటు ఆ తరానికి మరో కిటికీ కూడా ఉండేది. మాలతీ చందూర్ గారు స్వాతి పత్రికలో పాత కెరటాలు శీర్షిక కింద ప్రపంచ నవలలను తెలుగులో పరిచయం చేసేవారు. రచయితల పేర్లు నోరు తిరగకపోయినా ఆ కథలు మాత్రం అత్తయ్య గారి దగ్గర భద్రంగా ఉన్నాయి. తులసిదళం అయిపోయాక అమ్మాయి ఇంకో దెయ్యం కథ కావాలని వెంటపడితే, పాత కెరటాల్లో చదివారో మరెక్కడ చదివారో తెలియదు గానీ, మంచు తుపాను రాత్రి పరాయి ఇంట్లో పడుకున్న మనిషి కిటికీ అద్దం పగలగొట్టి చెయ్యి బయటకు చాపితే, ఐసులా చల్లగా ఉన్న చిన్నపిల్ల చెయ్యి ఒకటి దాన్ని పట్టుకుని "నన్ను లోపలికి రానివ్వు" అని ఏడ్చిన కథ చెప్పారు. అది 1847లో ఎమిలీ బ్రాంటీ రాసిన వదరింగ్ హైట్స్ అని నేను పోల్చుకోగానే అమ్మాయికి ఆ పుస్తకం కావలసి వచ్చింది. జోసెఫ్ అనే నౌకరు మాట్లాడే యార్క్‌షైర్ యాస అర్థం కాక తిట్టుకుంటూ, ఆ ముసలాయన మాటలను నన్నడిగి, నాకూ తెలియకపోతే వదిలేసి, చివరిదాకా చదివింది. నేను మళ్ళించానా? లేదు. ఆ చిన్నపిల్ల చెయ్యే పట్టుకుని లాక్కుపోయింది.

అబ్బాయిది వేరే దారి. వాడికి పాత చందమామల్లోని బేతాళ కథలు కావాలి. శంకర్ గారు గీసిన కత్తి పట్టిన రాజునూ, భుజం మీది శవాన్నీ చూశాకే కథ మొదలుపెడతాడు. కథాసరిత్సాగరం నుంచి వచ్చిన బేతాళ కథలు పాతికే అయినా చందమామ వాళ్ళు అదే చట్రంలో దశాబ్దాల తరబడి కొత్తవి రాయించారంటే, చివర ఒక ప్రశ్న అడిగే శవం మీద తెలుగు పిల్లలకు ఎంత ప్రేమో ఊహించండి. ఆ ప్రశ్నల అలవాటే వాణ్ణి షెర్లాక్ హోమ్స్ దగ్గరకు చేర్చింది. బాస్కర్‌విల్ వంశాన్ని పీడించే దెయ్యపు కుక్క నోటి చుట్టూ కనిపించే మంట భాస్వరం పూత అని తేలినప్పుడు వాడికి ఆనందం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అన్నట్టు ఆ నవల కూడా 1901, 1902లలో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన సీరియలే. పిల్లలు చదవరని బాధపడే పెద్దలు ముందు బడి లైబ్రరీల సంగతి చూడాలి. మా అబ్బాయి బడిలో పుస్తకాలు అద్దాల బీరువాలో ఉంటాయి, తాళంచెవి తనిఖీ రోజున మాత్రమే కనిపిస్తుంది.

ఉత్తమ నవలల్లో దెయ్యాలు ఉండవని ఎవరు చెప్పారో నాకు తెలియదు. 1878లో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని పత్రికలో మొదలుపెట్టిన రాజశేఖర చరిత్రములో ఆడపిల్లకు దెయ్యం పట్టిందనడమూ ఉంది, భూతవైద్యమూ ఉంది, బంగారం చేసిస్తానని బైరాగి చేసే మోసమూ ఉంది. నవ్వించి బుద్ధి చెప్పడానికే ఆయన వాటిని తెచ్చారు. బిభూతిభూషణ్ వందోపాధ్యాయ బెంగాలీ నవల వనవాసిలో మాత్రం ఈ లెక్క ఏదీ కుదరదు. సూరంపూడి సీతారాం గారి అనువాదాన్ని నేను రాత్రిపూట అందరికీ చదివి వినిపించాను. సర్వే పని మీద అడవిలో మకాం వేసిన అమీను, అంటే భూములు కొలిచే ఉద్యోగి, గుడిసెలోకి రాత్రివేళ కుక్క ఒకటి దూరుతుంది, తీరా చూస్తే అది కుక్క కాదు, ఆడపిల్ల. ఆ మనిషికి చివరకు మతి చలిస్తుంది. ఎందుకలా జరిగిందో రచయిత చెప్పరు. అబ్బాయి "భాస్వరం ఏదీ?" అని అడిగాడు. అమ్మాయి ఏమీ అనలేదు గానీ ఆ పుస్తకాన్ని తన గదిలోకి పట్టుకుపోయి మిగతాది ఒక్కతే చదువుకుంది, దాంతో నా వంతు సగంలో ఆగిపోయింది. అడవి దున్నలను గుంటల్లో పడకుండా కాపాడే దేవుడి సంగతి నాకు ఆ పిల్లే చెప్పవలసి వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్నది విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు. మావారు కొన్నారు. కాలేజీ రోజుల్లో మధుబాబు షాడో నవలలు తప్ప మరొకటి ముట్టని ఆయన ఇంత లావు పుస్తకాన్ని పడుకుని చదవడం కుదరక దిండు మీద నిలబెట్టుకుని చదువుతున్నారు. ఇంత పెద్ద నవలను ఒకే సంపుటంగా వేసేవాళ్ళు చదివేవాళ్ళ మణికట్టు గురించి కాస్త ఆలోచించాలి. అందులో పాములాంటి పిల్లవాడు పసిరిక ఉన్నాడని ఆయన భోజనాల దగ్గర నోరు జారారు. పసిరిక వచ్చే అధ్యాయాల్లో కాగితం ముక్కలు పెట్టి ఇమ్మని పిల్లలిద్దరూ అడుగుతున్నారు. మొదటి పేజీ నుంచి చదివితేనే ఇస్తానని అత్తయ్య గారు పుస్తకం తీసి తన మంచం పక్కన పెట్టుకున్నారు. మావారు నూట యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి, ఆవిడ ఎప్పుడు నిద్రపోతారా అని చూస్తున్నారు.