ముందు పైపులు, తర్వాత పెట్రోలు

చిరంజీవి చిట్టికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, "నా కూతురు పాత కారు కొన్నదిరా, నీ పిచ్చే దానికీ పట్టింది" అంది. గొంతులో కోపం లేదు, అలాగని సంతోషమూ లేదు. 1960ల నాటి బండిని నీ చేతులతో విప్పి బాగుచేసుకుంటానన్నావని విన్నప్పుడు నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. కానీ ఫోన్ పెట్టేశాక తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

ఇథనాల్ (పెట్రోలులో కలిపే ఆల్కహాల్) లేని పెట్రోలు ఎలా వెతుక్కోవాలని అడిగావట. ముందు దానికే జవాబు చెప్తాను. ఆ తర్వాత చెప్పేది మాత్రం ఇంకా జాగ్రత్తగా చదువు.

బంకులో పంపు మీద ఉన్న లేబుల్ చదువు. ఈ5 అంటే ఇథనాల్ 5 శాతం వరకు, ఈ10 అంటే 10 శాతం వరకు, ఈ20 అంటే 20 శాతం వరకు ఉండొచ్చని. యూరప్‌లో 2018 నుంచి పెట్రోలు పంపుల మీద ఈ అంకె గుండ్రటి గుర్తులో కనిపిస్తుంది. ప్రీమియం అని రాసి ఉంటే ఇథనాల్ లేదని అనుకోకు, ఆ మాట ఆక్టేన్ గురించి, అంటే ఇంజిన్ టకటకా కొట్టుకోకుండా పెట్రోలు ఎంత ఆపగలదో దాని గురించి. పడవలకు పెట్రోలు పోసే రేవుల్లో విచారించు, అక్కడ ఇథనాల్ లేనిది దొరికే అవకాశం ఎక్కువ. చిన్న విమానాలకు పోసే 100ఎల్‌ఎల్‌లో ఇథనాల్ ఉండదు గానీ లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉంటుంది. చాలా దేశాల్లో దాన్ని రోడ్డు మీద వాడటం చట్టవిరుద్ధం. దాని జోలికి పోకు. గడ్డి కోసే యంత్రాలకూ చెట్లు కోసే రంపాలకూ డబ్బాల్లో ఆల్కిలేట్ పెట్రోలు అమ్ముతారు. అందులో ఇథనాల్ ఉండదు, ఏళ్ళ తరబడి నిలవుంటుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి రోజూ పోయలేం. బండిని నెలల పాటు నిలిపి ఉంచేటప్పుడు మాత్రం అదే మేలు.

ఎవరు ఎంత గట్టిగా చెప్పినా నువ్వే పరీక్ష చేసుకో. గీతలున్న సన్నటి గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మీద 90 మిల్లీలీటర్ల పెట్రోలు పొయ్యి. మూత బిగించి ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచు. నీళ్ళు 10 గీత దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. పైకి జరిగితే ఉన్నట్టే, ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోయింది. ఇది ఆరుబయట చెయ్యి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. అలాగని డబ్బాడు పెట్రోలులో నీళ్ళు కలిపి ఇథనాల్ తీసేద్దామన్న ఆలోచన పెట్టుకోకు. ఆక్టేన్‌లో కొంత ఇథనాల్ వల్లే వస్తుంది, అది పోతే ఇంజిన్ కొట్టుకుంటుంది. మిగిలేది తడి పెట్రోలు.

ఇథనాల్ అంటే ఎందుకు ఇంత భయపడతామో కూడా తెలుసుకో. అది నీటిని పీల్చుకుంటుంది. ఈ10 పెట్రోలు దాదాపు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. నలభై లీటర్ల ట్యాంకుకి లెక్కేస్తే అది ఒక గ్లాసుడు. అంతకు మించితే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి, ఇంజిన్‌కి వెళ్ళే పైపు పీల్చేది ఆ అడుగునుంచే. ఇక మంట సంగతి. కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజిన్‌కి పంపే నీ కార్బురేటర్‌కి ఈ తేడా తెలియదు, ఎప్పటిలాగే గాలి ఇస్తుంది. అప్పుడు మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. ఈ10తో చాలా బళ్ళు నెట్టుకొస్తాయి గానీ ఈ20 అయితే జెట్లు, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల ముక్కలు, మార్చాల్సి రావచ్చు.

ఇవన్నీ సరిచేసుకోవచ్చు. నాకు నిద్ర పట్టనిది రబ్బరు గురించి.

నేనూ నీలాగే మొదట పెట్రోలు వెంటే పడ్డాను. ఇథనాల్ లేనిది దొరికే చోటు చాలా దూరంలో ఉంటే, నెలకోసారి డబ్బాలు వేసుకుని వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. అంత మంచిది పోస్తున్నాం కదా, ఇక పైపులతో పనేముంది అనుకున్నాను. కంటికి కనిపించిన రెండు పైపులు మార్చి మిగతావి వదిలేశాను. పంపు నుంచి కార్బురేటర్‌కి వెళ్ళే జానెడు ముక్క ఒకటి ఉండేది. దాని మీద దారంతో నేసిన తొడుగు, చూడటానికి కొత్తదానిలాగే ఉండేది.

ఒకసారి దూర ప్రయాణంలో డబ్బాలు అయిపోయాయి. దారిలో ఒక బంకులో మామూలు పెట్రోలు పోయించాను. ఒక్క ట్యాంకుకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంటికొచ్చాక పనుల్లో పడి, సగం ట్యాంకుతో బండిని నాలుగు నెలలు అలాగే వదిలేశాను. తర్వాత ఒక పొద్దున మీ అమ్మని ఎక్కించుకుని బయల్దేరాను. నువ్వప్పుడు చిన్నపిల్లవి, స్కూల్లో ఉన్నావు. పది నిమిషాలకు అక్క ముక్కు చిట్లించి, "ఏంట్రా ఈ వాసన, పెట్రోలు కారుతున్నట్టుంది" అంది. "పాత బళ్ళన్నీ ఇంతే అక్కా" అన్నాను. కాసేపటికి మళ్ళీ అంది. నేను అద్దం కిందికి దించాను. చిట్టీ, బండి ఆపాల్సిన చోట నేను చేసిన పని అది.

రోడ్డు ఎత్తెక్కే చోట బానెట్ అంచుల్లోంచి సన్నగా పొగ వచ్చింది. ఆపి, దిగి, గబుక్కున బానెట్ పూర్తిగా ఎత్తేశాను. ఇది రెండో తప్పు. లోపల చిన్నగా ఉన్న మంటకి గాలి తగిలి ఒక్కసారిగా నా ముఖం మీదికి లేచింది. అక్క నా చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. అప్పుడే ఆమె ఎడమ చెయ్యి బానెట్ అంచుకి తగిలింది. మంటలార్పే సిలిండర్ నా దగ్గర లేక కాదు, డిక్కీలో సామాన్ల కింద ఉంది. వెనక వచ్చిన లారీ డ్రైవర్ తన సిలిండర్ తెచ్చి ఆర్పాడు.

అమ్మ మణికట్టు మీది మచ్చ నూనె చిందితే పడిందని నీకు చెప్పి ఉంటుంది. నన్నూ అలాగే చెప్పమంది, ఇన్నేళ్ళూ అలాగే చెప్పాను. ఇప్పుడు నువ్వు స్టీరింగ్ పట్టుకోబోతున్నావు కాబట్టి నిజం చెప్తున్నాను. అక్క తిడితే నేను పడతాను.

ఆ జానెడు పైపులో కాలకుండా మిగిలిన ముక్కని ఇంటికొచ్చాక బ్లేడుతో నిలువునా కోశాను. పైన దారం గట్టిగానే ఉంది. లోపలి రబ్బరు నానిన అట్టలా ఉబ్బి, వేలితో రాస్తే కాటుకలా అంటుకుంది. క్లిప్పు కరిచిన చోట గోరు దూరేంత చీలిక. పెట్రోలు బొట్లు బొట్లుగా కింద ఎగ్జాస్ట్ మీద పడుతూ ఉన్నదన్నమాట. ఆ ఒక్క ట్యాంకే అంత పని చేసిందని నేను చెప్పను. ఆ రబ్బరు అప్పటికే ముసలిది. మంచి పెట్రోలు పోస్తున్నానన్న ధీమాతో నేను దాన్ని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకుని చూడలేదు.

అందుకే చెప్తున్నాను, ఏదో ఒక రోజు నీకూ ఇథనాల్ లేని పెట్రోలు దొరకదు. ఆ రోజు కోసం బండి ముందే సిద్ధంగా ఉండాలి. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా, పెట్రోలు పోసే మూతి దగ్గరి పైపుతో సహా, రబ్బరు అన్నది ప్రతి ముక్కా మార్చు. పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉండాలి, లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉంటుంది, ఇథనాల్‌కి తట్టుకుంటుంది. ఆర్6, ఆర్7 చౌకగా వస్తాయి, వద్దు. పంపులో డయాఫ్రం (పెట్రోలుని తోసే పలచటి పొర), కార్బురేటర్‌లో సూది మొన, కార్క్ గ్యాస్కెట్లు కూడా మార్చు. కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ కార్క్‌దైతే పైపూత కరిగిపోతుంది. పాత ట్యాంకుకి లోపల ఏదైనా పూత వేసి ఉంటే ఏం వేశారో కనుక్కో, కొన్ని పూతలు ఇథనాల్‌కి పెచ్చులుగా లేస్తాయి. మొదట్లో ట్యాంకులోని పాత మడ్డి కదిలి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది, రెండు ఫిల్టర్లు దగ్గరుంచుకో.

పెట్రోలు నిలవుంటే పాడవకుండా కలిపే మందు, స్టెబిలైజర్ వాడు, తుప్పుని కొంత ఆపుతుంది. కానీ ఒకసారి విడిపోయిన పెట్రోలుని ఏ సీసా మందూ మళ్ళీ కలపలేదు, దాన్ని దించేయడమే. డబ్బా నింపేటప్పుడు బండిలో పెట్టి నింపకు, నేల మీద దించి నింపు.

పెట్రోలు మంటలకి పనిచేసే సిలిండర్ నీ సీటు పక్కనే, కూర్చునే చేయి చాపితే అందేలా బిగించు. వాసన వస్తే ఆపు. అది ఇంటి ముందైనా, వర్షంలోనైనా, వెనక హారన్లు కొడుతున్నా సరే. పొగ వస్తే ఇంజిన్ ఆపి, అందరినీ దింపి దూరంగా వెళ్ళు. బానెట్ పూర్తిగా ఎత్తొద్దు. బండి పోతే పోనీ తల్లీ. నాదీ సగం కాలింది, మళ్ళీ కట్టుకున్నాను.

ఇంత తిట్టినట్టు రాశానని బాధపడకు. నీ వయసులో నాకీ మాటలు చెప్పేవాళ్ళు లేరు. పైపులు మార్చాక తీసినవాటిని పారెయ్యకు. వచ్చే నెల నేను వస్తాను, బ్లేడు నేనే తెస్తాను, ఒక్కోటీ కోసి ఇద్దరం చూద్దాం. అప్పటిదాకా అమ్మని ఆ బండిలో ఎక్కించుకోకు.

నీ మామయ్య