హీత్‌క్లిఫ్‌ది ప్రేమేనా?

ప్రశ్న: ఈ మధ్య వెంటవెంటనే చదివిన రెండు ఆంగ్ల నవలల్లో ‘వుదరింగ్ హైట్స్’ నన్ను భయపెట్టింది, ‘రెబెకా’ ప్రేమకథగా కదిలించింది. మొదటి నవల నాయకుడు హీత్‌క్లిఫ్‌ది ప్రేమని నాకు అనిపించలేదు. నా అభిప్రాయం తప్పా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పు కాదండీ. 1847 నాటి ఆ నవలలో, తాను ప్రేమించిన కేథరిన్ చనిపోయిన ఎన్నో ఏళ్లకు ఆమె శవపేటిక మూత తెరిచి ముఖం చూసుకున్న హీత్‌క్లిఫ్, తన పగను ఆమె కూతురిపైన కూడా తీర్చుకున్నాడు కనుక, అతని వేదనకు జాలిపడగలమే గానీ దానిని ఆదర్శప్రేమ అనలేము.

‘రెబెకా’ విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. చనిపోయిన యజమానురాలు రెబెకా రాత్రి దుస్తులను ఇంటి నిర్వాహకురాలు డాన్వర్స్ యజమాని కొత్త భార్యకు చూపించే ఘట్టం చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. రెబెకాను తానే చంపానని భర్త ఒప్పుకొన్నప్పుడు, అతడు రెబెకాను ఏనాడూ ప్రేమించలేదన్న మాటకే ఆ కొత్త భార్య ఊరట చెందడం నాకు అంతకన్నా భయంకరంగా తోచింది. ఆ పుటలను దయచేసి మరొకసారి చదవండి.