అతని చేత కూడా మాట్లాడించు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నాటిక రాతప్రతి నిదానంగా చదివాను. పన్నెండేళ్ల వయసులో తనను లోబరచుకున్న ట్యూషన్ మాస్టారిని, ఇరవై ఏళ్ల తరువాత వెతుక్కుంటూ వచ్చి నిలదీసే స్త్రీ కథను తొలి రచనకే ఎత్తుకున్నావు, అందుకు సంతోషించాను. అయితే మాస్టారు మాట్లాడబోయిన ప్రతిసారీ నువ్వే అతని నోరు నొక్కేశావు. ఆమెకు పేజీలకు పేజీలు, అతనికి 'క్షమించమ్మా' అన్న ఒక్క ముక్క, ఆపైన కాళ్ల మీద పడటం, రంగం వెనుక నుంచి పోలీసు జీపు చప్పుడు, తెర. నాటక పరిషత్తు పోటీల్లో చప్పట్లు పడతాయి, సందేహం లేదు (జీపు చప్పుడుకు చప్పట్లు కొట్టని ఊరు నేనింతవరకు చూడలేదు). కానీ ఆమె అసలు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న నాటికలో ఎక్కడా పుట్టలేదు.

స్కాట్లాండ్ రచయిత డేవిడ్ హారోవర్ రాసిన 'బ్లాక్‌బర్డ్' నాటకాన్ని సంపాదించి చదువు. 2005లో ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవంలో పీటర్ స్టైన్ దర్శకత్వంలో మొదటిసారి రంగమెక్కిన ఆ నాటకానిదీ నీ కథలాంటి కథే. ఉనాకు పన్నెండేళ్లున్నప్పుడు నలభై ఏళ్ల రే ఆమెను వంచించాడు, జైలుకు వెళ్లాడు, బయటికి వచ్చి పేరు మార్చుకుని వేరే చోట ఉద్యోగం చూసుకున్నాడు. పదిహేనేళ్ల తరువాత ఒక పత్రికలో అతని ఫొటో చూసి ఉనా నేరుగా అతని ఆఫీసుకే వస్తుంది. సిబ్బంది తిని వదిలేసిన ఎంగిలి పొట్లాలూ చెత్తా పడి ఉన్న గదిలో, విరామం లేకుండా ఇద్దరూ మాట్లాడుకోవడమే నాటకం. వాక్యాలు సగంలో తెగుతాయి, ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు అడ్డుకుంటారు. అంతసేపూ తెగుతూ వచ్చిన మాట ఒక్కసారిగా తెగకుండా సాగేది, సముద్రపు ఒడ్డు ఊళ్లో బస చేసిన గదిలో అతను తనను ఒంటరిగా వదిలి వెళ్లిన రాత్రి గురించి ఉనా చెప్పేటప్పుడే. ఆమెను ఇన్నేళ్లుగా తొలుస్తున్న వాటిలో, జరిగిన నేరంతో పాటు ఆ వదిలివేత కూడా ఉందని మనకు అప్పుడు తెలుస్తుంది. అది ఏ ఛార్జిషీటులోనూ ఉండదు. నాటకం రాసేవాడికి పని అక్కడే మొదలవుతుంది.

అతను కూడా చెబుతాడు. తిరిగి వచ్చానంటాడు, వెతికానంటాడు, తాను అలాంటి వాళ్లలో ఒకడిని కానంటాడు. వింటున్న మనం ఒకటి రెండు చోట్ల నమ్మబోతాం, ఆ నమ్మబోయినందుకు మన మీద మనకే రోత పుడుతుంది. చివర్లో ఒక చిన్న పిల్ల ఆ గదిలోకి వస్తుంది. అతను ఇప్పుడు కలిసి బతుకుతున్న స్త్రీ కూతురు. అంతవరకు అతను చెప్పిన ప్రతి మాటనూ మనం మళ్లీ మొదటి నుంచి తూచుకోవలసి వస్తుంది. ఆ సమయంలో రచయిత ఎవరి చేతా ఉపన్యాసం ఇప్పించలేదు.

అతని చేత మాట్లాడిస్తే అతనికి వకాల్తా పుచ్చుకున్నట్టు అవుతుందేమోనని నీ ఉత్తరంలో భయపడ్డావు. అది తగిన భయమే. దానికి మందు అతని నోరు మూయించడం కాదు, తప్పెవరిదన్నది నీ మనసులో ముందే తేల్చుకోవడం. మన పోక్సో చట్టం 2012 నుంచి చెబుతున్నది కూడా అదే: పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల 'ఇష్టం' అన్న మాటకు అక్కడ చోటు లేదు. ఇది నీకు రాయిలా స్థిరపడి ఉంటే, అతని సాకులు, అతని కన్నీళ్లు, చివరికి అతని నిజమైన పశ్చాత్తాపం కూడా రంగం మీద పూర్తిగా పరచగలవు, ఎందుకంటే వాటిలో ఏదీ తీర్పును మార్చలేదు. తీర్పు మీద రచయితకే నమ్మకం చాలనప్పుడు మాత్రమే జీపు చప్పుడు అవసరమవుతుంది.

రెండో దృశ్యంలో చిన్నప్పటి అమ్మాయిని రంగం మీదికి తెచ్చావు. తీసెయ్యి, ఇందులో నాకు రెండో మాట లేదు. అమెరికా రచయిత్రి పౌలా వోగెల్ 1997 నాటి 'హౌ ఐ లెర్న్‌డ్ టు డ్రైవ్' నాటకంలో మేనకోడలిపై లైంగిక వేధింపులు మొదలైన రోజును దాదాపు చివరిదాకా ఆపి చూపిస్తుంది. అప్పుడు కూడా ఆ పాత్రలో ఉన్నది పెద్ద వయసు నటే, పదకొండేళ్ల పిల్ల మాటలను మాత్రం కోరస్‌లోని మరో నటి పలుకుతుంది. శరీరం ఒకచోట, గొంతు ఇంకొకచోట. ఏ పసిపిల్లనూ రిహార్సల్‌కు పిలవకుండా, చూపవలసినదంతా చూపిన పద్ధతి అది.

నీ రాతప్రతిలో నన్ను కుర్చీలో ముందుకు జరిపిన మాట ఒకటుంది. ఆమె లోపలికి రాగానే, ఇంకా గుర్తుపట్టని మాస్టారు కళ్లజోడు సర్దుకుంటూ 'ఏ బ్యాచ్ అమ్మా నువ్వు?' అంటాడు. పాత విద్యార్థులందరినీ అలాగే అడిగే అలవాటున్న మనిషి. ఆ ప్రశ్నలో ఎన్ని బ్యాచ్‌లు దాగున్నాయో ఆమెకు వెంటనే తట్టాలి, నువ్వేమో మరుక్షణంలోనే ఆమె చేత పేరు చెప్పించేశావు. చెప్పించకు. ఆమెను వేరే సంవత్సరం చెప్పనివ్వు. అతను ఆ బ్యాచ్ పిల్లల పేర్లు గడగడా అప్పజెప్పనీ, భార్య కాఫీ తెచ్చి 'ఈయనకు పిల్లలంటే ప్రాణం' అని మురిసిపోనీ. ఆమె ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియకుండా పోవాలి: కక్షకా, క్షమాపణకా, ఇప్పుడు ట్యూషన్‌కు ఎవరు వస్తున్నారో చూడటానికా. ఆ మూడింటి మధ్య కొట్టుకోవడానికి నాటికకు దొరికే గంట చాలదని నీకు అనిపించాలి.

ప్రదర్శన సంగతి ఒక్కమాట. ఆ పాత్ర వేసే అమ్మాయి ఇవే మాటలు రిహార్సళ్లలోనూ, ఊరూరా పరిషత్తుల్లోనూ పలకాలి. ఒప్పుకునే ముందే ఆమెకు మొత్తం చదివి వినిపించు, వద్దంటే కారణం అడగకు. తెర లేచే ముందు విషయమేమిటో మైకులో రెండు ముక్కల్లో చెప్పించు. హాల్లో ఎవరి గతం ఎలాంటిదో మనకు తెలియదు.

తిరగరాసేటప్పుడు ఆమె మాటలు కొన్నాళ్లు పక్కన పెట్టి, మాస్టారి సంభాషణలు ముందు రాయి. అవి పూర్తయ్యాక, తక్కినది రాయకముందే, నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు కాని ఒక పెద్దాయన