హోం థియేటర్ కోసం చీటీ పాడవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. అనంతపురంలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో పనిచేస్తున్నాను. చేతికి 48,000 రూపాయలు వస్తుంది. నా భార్య ప్రైవేటు పాఠశాలలో టీచరు. ఆమె జీతం 22,000. అయితే మే, జూన్ నెలల్లో అది రాదు. పాప రెండో తరగతి. అద్దె, ఇంటి ఖర్చు, బండి వాయిదా, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, చీటీ అన్నీ కలిపి నెలకు 51,000 అవుతుంది. బ్యాంకులో 1,30,000 ఉంది. ఆరోగ్య బీమా అంటే కళాశాల ఇచ్చిన రెండు లక్షల పాలసీ ఒక్కటే. ఇంట్లో మంచి హోం థియేటర్ పెట్టుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఏవీ రిసీవరు (టీవీ శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంచే పెట్టె), ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్ (లోతైన ధ్వనుల స్పీకరు) కలిపి 1,60,000 చెబుతున్నారు. ఆ మొత్తాన్ని 12 నెలల్లో వడ్డీ లేకుండా కట్టవచ్చట. రొక్కం ఇస్తే 1,48,000కే ఇస్తారట. లేదంటే రెండు లక్షల చీటీ ఉంది: నెలకు పది వేలు, 20 నెలలు, ఇది ఎనిమిదో నెల. 36,000 వదులుకుంటే పాట నాకే వచ్చేలా ఉంది. అమెరికాలో ఉన్న మా బావమరిది అక్కడ చవక, తెచ్చిస్తానంటున్నాడు. కొన్నవాళ్ల అభిప్రాయాలు వందల కొద్దీ చదివాను. ఒకే మోడల్ గురించి ఒకరు ఆరేళ్లుగా మచ్చలేకుండా పనిచేస్తోందని, ఇంకొకరు రెండేళ్లకే హెచ్‌డీఎంఐ (టీవీకి తీగ కలిపే పోర్టు) పోయిందని రాశారు. ఎవరిని నమ్మాలి? ఏ దారిలో కొనాలి? రిసీవరు విషయంలో 80 వాట్లది, 100 వాట్లది అని రెండు మోడళ్ల మధ్య ఊగుతున్నాను.

జవాబు: మంచి స్పీకర్లలో పాట వినాలన్న కోరికను నేను దుబారా కింద లెక్కకట్టను. ఇద్దరూ సంపాదిస్తున్నారు, ఉన్నంతలో జాగ్రత్తగా నడుపుకుంటున్నారు. కాబట్టి కొనండి. అయితే ఇప్పుడే వద్దు, అంతా ఒకేసారి వద్దు, చీటీ పాడి అసలే వద్దు.

ముందు చీటీ సంగతి. ఈ నెల పాడితే చేతికి వచ్చేది 1,64,000. చివరిదాకా ఆగితే, నిర్వాహకుడి కమిషన్ ఐదు శాతం పోగా 1,90,000 వస్తుంది. మిగిలిన నెలల వాయిదాలు, డివిడెండ్లు ఎలాగూ ఒకటే. అంటే 12 నెలల ముందు డబ్బు అందుకున్నందుకు మీరు 26,000 ఇస్తున్నట్టు. 1,64,000 మీద అది ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీ. ఆసుపత్రి అవసరం వస్తే, పొలం రిజిస్ట్రేషన్ ఆగిపోతే ఆ 16 శాతానికి వెనకాడనక్కరలేదు. స్పీకర్లకు అంత ఇవ్వకూడదు.

వడ్డీ లేని వాయిదాలు కూడా దాదాపు అంతే ఖరీదు. రొక్కానికి 1,48,000 అని దుకాణదారే చెప్పాడు కదా, వస్తువు అసలు ధర అదే. దానికి నెలకు 13,333 చొప్పున 12 నెలలు కడితే ఏడాదికి 14.6 శాతం వడ్డీ పడుతుంది. దాని మీద ప్రాసెసింగ్ రుసుము, ఆ రుసుముకు జీఎస్టీ కలిపితే ఇంకా పైకి పోతుంది. సున్నా వడ్డీ అనేది ఉండదని, ఆ వడ్డీ ఏదో ఒక రుసుము చాటున దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడే మొత్తం కడితే ఎంతకు ఇస్తారు? ఆ అంకెకూ వాయిదాల మొత్తానికీ తేడానే వడ్డీ.

వడ్డీ శాతం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ ఉత్తరంలోని మే, జూన్ నెలలు. మామూలు నెలల్లో 70,000 వస్తుంది, 51,000 పోతుంది, 19,000 మిగులుతుంది. వాయిదా కట్టినా ఐదు వేల పైచిలుకు మిగులుతుంది కాబట్టి దుకాణంలో కూర్చున్నప్పుడు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మే నెల వచ్చేసరికి ఆదాయం 48,000కు పడిపోతుంది. వాయిదా లేకుండానే మూడు వేలు తక్కువ. వాయిదా కూడా ఉంటే 16,000కు పైగా తక్కువ. జూన్‌లోనూ అంతే, పైగా పాప ఫీజు, పుస్తకాలు, యూనిఫాం వచ్చిపడేది ఆ నెలలోనే. ఆ రెండు నెలల్లో క్రెడిట్ కార్డు బయటికి తీస్తారు, కనీస మొత్తం కట్టి మిగతాది నెట్టుకొస్తారు. కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది, అంటే ఏడాదికి నలభై శాతం చుట్టుపక్కల. పది నెలల జీతంతో నడిచే టీచర్ల ఇళ్లలో అప్పు మొదలయ్యేది సాధారణంగా వేసవిలోనే. మీ ఇంట్లో అది మొదలు కాకూడదన్నదే నా పట్టు.

ఇక కొన్నవాళ్ల అభిప్రాయాలు. వాటిని చదవడం మంచి పనే. నక్షత్రాలను లెక్కపెట్టకుండా, కొన్న తరువాత వాళ్లకు ఏయే ఖర్చులు తగిలాయో వెతకండి. పెట్టె విప్పిన వారానికి రాసినవి దాదాపు అన్నీ పొగడ్తలే. ఎనభై వేలు పోసిన మనిషి తన ఎంపిక తప్పని వారంలో ఒప్పుకోడు. రెండేళ్లు దాటాక రాసినవి తక్కువగా దొరుకుతాయి, అయినా మీకు పనికొచ్చేవి అవే. ఆన్‌లైన్ సమీక్షలను ఎలా సేకరించాలి, ఎలా ప్రచురించాలి అన్నదానిపై మన దేశంలో ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం ఉన్నా, దాన్ని పాటించాలన్న నిర్బంధం లేదు. ఏరుకునే పని మీదే.

మీరు చెప్పిన ఆ ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. రిసీవరు వేడెక్కే యంత్రం. ఏడు చానళ్ల (ఒక్కో స్పీకరుకు ఒక్కో చానల్) ఆంప్లిఫయరు, వీడియో బోర్డు ఒకే డబ్బాలో ఉంటాయి. ఒకరు దాన్ని ఏసీ గదిలో, పైన జానెడు ఖాళీ వదిలి పెట్టి ఉంటారు. ఇంకొకరు టీవీ కింద అద్దాల తలుపుల అరలో మూసిపెట్టి, దాని నెత్తిన సెట్‌టాప్ బాక్సు పెట్టి ఉంటారు. అనంతపురం ఏప్రిల్ ఎండలో ఆ రెండో డబ్బా లోపల ఏం జరుగుతుందో ఊహించుకోండి. హెచ్‌డీఎంఐ పోవడానికి ఇంకో కారణం కరెంటు. ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోయినా, వేసవి చివర ఉరుములు మెరుపులతో వాన పడేటప్పుడు డిష్ తీగ ద్వారా సర్జ్ (ఒక్కసారిగా ఎగసే కరెంటు) వచ్చినా ముందు దెబ్బతినేది ఆ సున్నితమైన పోర్టులే. కాబట్టి ఫిర్యాదు చదివినప్పుడల్లా వస్తువును ఎక్కడ పెట్టారు, ఏ స్పీకర్లు తగిలించారు, ఎన్నాళ్లు వాడారు అన్నవి చూడండి. ఇవేవీ రాయని అభిప్రాయాన్ని, అది మెచ్చుకోలైనా తిట్టయినా, దాటేసి ముందుకు పోండి. మీ బడ్జెట్‌లో మాత్రం ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించడానికి, మంచి సర్జ్ ప్రొటెక్టరుకు నాలుగైదు వేలు ఇప్పుడే రాసుకోండి. అద్దె ఇల్లు కాబట్టి ఎర్తింగ్ గురించి ఇంటి యజమానితో ముందే మాట్లాడాలి.

ఫిర్యాదు మీ వాడకానికి సంబంధించినదేనా అన్నది కూడా చూడాలి. 2020లో కొత్త హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన డెనాన్, మరాంట్జ్, యమహా రిసీవర్లలో చిప్ లోపం బయటపడింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అనే ఆటల కన్సోల్‌ను 4కె, 120 హెర్ట్జ్‌లో (సెకనుకు 120 బొమ్మలతో) కలిపితే బొమ్మ వచ్చేది కాదు. డెనాన్ విడిగా ఒక అడాప్టర్ పెట్టె ఇచ్చింది, యమహా బోర్డు మార్చి ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ మోడళ్ల మీద అప్పట్లో వచ్చిన తిట్లలో చాలా భాగం దీని గురించే. ఆటల కన్సోల్ లేని ఇంట్లో, సినిమాలు చూసేవారికి ఆ లోపం ఎదురే కాదు. అదే మోడల్ తరువాత ధర తగ్గి దొరికితే వారికి అది లాభసాటి బేరం. కొత్త సాంకేతికత వచ్చిన మొదటి ఏడాది కొనకుండా ఉండటానికి కూడా ఇదే కారణం.

మీరు రెండు మోడళ్ల మధ్య ఊగుతున్నట్టు ఉత్తరం చివర రాశారు. ఒకటి 80 వాట్లు, ఇంకొకటి 100 వాట్లు, ధరలో 18,000 తేడా. ఆ వాట్ల లెక్క సాధారణంగా రెండు చానళ్లు మాత్రమే నడుస్తున్నప్పటిది. ఏడూ ఒకేసారి మోగితే ఒక్కోదానికి అంత రాదు. అది పక్కన పెట్టినా, 80 నుంచి 100 వాట్లకు పెరిగితే శబ్దం పెరిగేది ఒక్క డెసిబెల్. మామూలు హాలులో కూర్చున్నవారికి ఆ తేడా తెలియడమే కష్టం. శక్తి రెట్టింపైతేనే మూడు డెసిబెల్లు పెరుగుతుంది. ఆ 18,000 ఇవ్వకండి.

మిగిలే డబ్బును స్పీకర్ల వైపు మళ్లించండి. మీ కొనుగోలు మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచిన మాట ఇదే. రిసీవరు ఫోనులాగే పాతబడుతుంది. పైకప్పు వైపు నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2014లో ఇళ్లకు వచ్చింది. అంతకు ముందు ఏడాది వేలు పోసి కొన్న రిసీవర్లలో అది లేదు, వాటి మారుబేరం ధర పడిపోయింది. వాటికి తగిలించిన స్పీకర్లు మాత్రం జాగ్రత్తగా వాడిన ఇళ్లలో ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి. స్పీకరులో పాతబడే సాఫ్ట్‌వేర్ లేదు, మారిపోయే పోర్టు లేదు. మీకు ఇచ్చిన కొటేషన్‌లో రిసీవరుకు 85,000, మొత్తం స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ కలిపి 75,000 వేశారు. ఆ పంపకం తలకిందులుగా ఉంది. నలభై వేల లోపు 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) రిసీవరుతో మొదలుపెట్టి, ముందు వైపు రెండు మంచి బుక్‌షెల్ఫ్ (అరలో పట్టే చిన్న) స్పీకర్లు కొనండి. పాటలకు, సినిమాలకు ఆ రెండే ఎంతో ఆనందం ఇస్తాయి. సంభాషణల కోసం సెంటర్ స్పీకరు, తరువాత సబ్‌వూఫర్, వెనక రెండు చివరగా చేర్చుకోవచ్చు. రిసీవరులో ఉన్న సౌలభ్యమే అది: స్పీకర్లను ఒక్కొక్కటిగా జతచేసుకుంటూ పోవచ్చు. పైకప్పు స్పీకర్ల జోలికి అద్దె ఇంట్లో పోకండి.

బావమరిది ప్రేమగా అన్న మాటే అయినా, వద్దని చెప్పండి. అక్కడి రిసీవరు 120 వోల్టులది, మనది 230. నేరుగా తగిలిస్తే పాడవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఇక్కడ వారంటీ ఆశించలేరు. కస్టమ్స్ సంగతి ఉండనే ఉంది.

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ధర తగ్గితే వెళ్లి కొనుక్కోవచ్చు, జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. డబ్బు కట్టకముందే కంపెనీకి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: అనంతపురానికి సేవ ఉందా, లేకపోతే ఏ ఊరికి పంపాలి, రవాణా ఖర్చు ఎవరిది. దాదాపు పది కిలోల పెట్టెను అటూ ఇటూ పంపడం చిన్న ఖర్చేమీ కాదు. అసలు అట్టపెట్టెను, థర్మాకోల్‌ను వారంటీ ముగిసేదాకా అటక మీద ఉంచండి. వారంటీ ఎన్నేళ్లని చూసినట్టే, ఇచ్చేవారు ఎవరని కూడా చూడాలి. జపాన్‌లో పేరున్న ఓంక్యో హోం ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2022 మేలో దివాలా తీసింది. బ్రాండు వేరే చేతుల్లో కొనసాగుతోంది. తేడా వస్తే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వస్తువు బెంగళూరులో కొన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనంతపురం జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.

ఇక నెల నెలా మిగిలే 19,000 సంగతి. ఇందులో 4,500 వేసవి కోసం వేరే ఖాతాలో వేయండి. పది నెలలకు 45,000 అవుతుంది, మే, జూన్ లోటుకు, పాప ఫీజుకు అదే ఆధారం. 2,500 ఆరోగ్య బీమా ప్రీమియం కోసం. కళాశాల పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి మీ ముగ్గురికీ పది లక్షల సొంత పాలసీ ఉండాలి. మొదటి ప్రీమియం బ్యాంకులో ఉన్న డబ్బు నుంచి ఇప్పుడే కట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు. అమ్మానాన్నల వయసు రాయలేదు, వారికి విడిగా పాలసీ చూడాలి. 5,000 అత్యవసర నిధికి. ఇప్పుడున్న 1,30,000 రెండున్నర నెలల ఖర్చుకే వస్తుంది. మిగిలిన 7,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, అది పూర్తిగా మీ పాటల డబ్బు. పది నెలలకు 70,000, పైన కొంత వడ్డీ. రిసీవరుకు, ముందు రెండు స్పీకర్లకు, సర్జ్ ప్రొటెక్టరుకు అది సరిపోతుంది. ఎవరికీ వాయిదా కట్టనక్కరలేదు.

ఈ పది నెలలూ వృథా కావు. టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీదుగా రిసీవరుకు పంపే ఏర్పాటు ఆర్క్, దానికన్నా మెరుగైనది ఈఆర్క్. మీ టీవీలో ఉన్నది ఏదో చూసుకోండి. సోఫా నుంచి టీవీకి ఎన్ని అడుగులో కొలవండి. బెంగళూరు వెళ్లినప్పుడు దుకాణంలో మీకు బాగా తెలిసిన పాటనే పెట్టించుకుని రెండు మూడు జతల స్పీకర్లను విని చూడండి. మీ భార్యను కూడా తీసుకెళ్లండి, రోజూ వినేది ఆమె కూడా. ఆ పది నెలలు గడిచాక మరో రెండు నెలలకు చీటీ ముగిసి 1,90,000 చేతికొచ్చినప్పుడు 1,50,000 అత్యవసర నిధిలో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేసి, మిగిలిన 40,000తో సెంటర్ స్పీకరు, సబ్‌వూఫర్ తెచ్చుకోండి. ఈ నెల పాటలో మాత్రం మీ పేరు ఇవ్వకండి.