పాత సామాన్ల యాప్‌లో ఎవరో దొంగ సరుకు పెడితే కేసు మా మీదా?

ప్రశ్న: మేం విజయవాడ ఆటోనగర్ దగ్గర ఉంటాం. నేనూ నా ఫ్రెండూ కలిసి ఒక యాప్ పెడదామనుకుంటున్నాం. కూల్చిన ఇళ్ల తలుపులు, గోనె సంచులు, ఖాళీ డ్రమ్ములు, పాత ఇనుము, బ్యాటరీలు, కంప్యూటర్లు అమ్మేవాళ్లు ఫొటోలు పెడతారు, కావలసినవాళ్లు కొనుక్కుంటారు. సరుకు మేం ముట్టుకోం, కమీషన్ మాత్రమే తీసుకుంటాం. లైసెన్సు కావాలా? దొంగ సరుకు వస్తే బాధ్యత ఎవరిది? – ఒక పాఠకుడు

జవాబు: మీరు దొంగ సరుకు గురించి టెన్షన్ పడుతున్నారు. నాకు మాత్రం మీ జాబితాలోని డ్రమ్ములు, బ్యాటరీలే ఎక్కువ భయం కలిగిస్తున్నాయి.

రసాయనాల ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రోడ్డు పక్కన అమ్మకానికి పెడితే జనం నీళ్లు పట్టుకోవడానికి కొనుక్కుపోతారు. లోపల ప్రమాదకర రసాయనం అంటుకుని ఉన్న ఖాళీ డ్రమ్ము 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థమే. దాన్ని నిల్వ చేయడానికీ, రవాణా చేయడానికీ, చివరికి అమ్మకానికి పెట్టడానికి కూడా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. నిబంధన మీరితే పర్యావరణ పరిరక్షణ చట్టం సెక్షన్ 15 కింద పెనాల్టీ 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా ఉంటుంది. ‘మేం ముట్టుకోలేదు’ అన్న వాదన ఇక్కడ నిలుస్తుందన్న భరోసా నేనివ్వలేను. నూనె, పంచదార పాకం లాంటి తినే సరుకు వచ్చిన డ్రమ్ములనే అనుమతించండి. ముందు ఏముండేదో అమ్మేవాడి చేత రాయించుకోండి.

బ్యాటరీలకు 2022 నిబంధనలున్నాయి. పాతబడిన బ్యాటరీ రిజిస్టరైన రీసైక్లర్లకో, సేకరణ కేంద్రాలకో వెళ్లాలి తప్ప చేతులు మారుతూ తిరగకూడదు. కాబట్టి జాబితాలోంచి తీసేయండి. కంప్యూటర్ల సంగతి కాస్త వేరు. పనిచేసే పాత ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్ సరుకు, దాన్ని అమ్ముకోవచ్చు. చెడిపోయి పారేసినది ఈ-వేస్ట్. దాన్ని కొనేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై ఉండాలి. తలుపులు, కిటికీలు, గోనె సంచులకు ఈ బెడద లేదు. నిజానికి అవే మీకు మంచి వ్యాపారం.

ఇక మీ అసలు ప్రశ్న. ఐటీ చట్టం సెక్షన్ 79 మీలాంటి మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది, కానీ మధ్యవర్తిగా ఉన్నంతవరకే. రేపు గోడౌన్ తీసుకుని, కాటా పెట్టి, ‘ఎ గ్రేడ్ ఇనుము’ అని మీరే ముద్ర వేస్తే ఆ రక్షణ పలచబడుతుంది. దొంగ సొత్తని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కొన్నవాళ్లకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అదే పనిగా దొంగ సరుకు వ్యాపారం చేసేవాళ్లకైతే పదేళ్లు, లేదా యావజ్జీవం. రైలు పట్టా ముక్కలు, మ్యాన్‌హోల్ మూతలు, కాల్చి తొడుగు తీసిన రాగి తీగలు యాప్‌లో కనిపిస్తే, మాకు అనుమానం రాలేదంటే పోలీసులు నమ్మరు. రైల్వే సొత్తుకు 1966 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. అందులో సక్రమంగా వచ్చిందని నిరూపించుకోవాల్సింది సరుకు దగ్గర పెట్టుకున్నవాడే. అమ్మేవాళ్ల గుర్తింపు కార్డు, చిరునామా లేకుండా ఖాతా తెరవనివ్వకండి. ఖాతా మూసేశాక కూడా ఆ వివరాలు 180 రోజులు భద్రపరచాలి.

పాత సామాన్లకని కేంద్ర చట్టంలో ప్రత్యేక లైసెన్సు లేదు గానీ, డబ్బు మీ ద్వారా వెళ్తే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, టర్నోవర్ ఎంత తక్కువైనా సరే. జీఎస్టీ ఉన్నవాళ్ల అమ్మకాల మీద 0.5 శాతం టీసీఎస్ (అమ్మినవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) వసూలు చేసి, మరుసటి నెల 10లోగా జీఎస్టీఆర్-8 అనే రిటర్ను వేయాలి. జీఎస్టీ లేని చిన్న వ్యాపారులు ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని మన రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు, పక్క రాష్ట్రానికి కుదరదు. ఖమ్మం నుంచి ఆర్డరొస్తే ఇక్కడే చిక్కు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలో పరిష్కరించాలి.

కొనేవాళ్ల డబ్బు మీ సొంత ఖాతాలో వేయించుకుని, తర్వాత పంచుదాం అనుకోవద్దు. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న పేమెంట్ అగ్రిగేటర్ (కొనేవాళ్ల డబ్బు తీసుకుని అమ్మేవాళ్లకు చేర్చే సంస్థ) ద్వారానే నడిపించండి.